ట్రెటినాయిన్ క్రీము: నలభైల్లో మొదలుపెట్టి యాభైల్లోనూ వాడుతున్నాక

ట్రెటినాయిన్ విటమిన్ ఎ జాతి మందు. ఫ్యాన్సీ షాపులో దొరికే బ్యూటీ క్రీము కాదు, మన దేశంలో డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు. నలభై దాటిన కొత్తలో బుగ్గల మీద మంగు మొదలైతే స్కిన్ డాక్టర్‌కి చూపించుకున్నాను. ఆవిడ రాసిచ్చినవి రెండే. రాత్రికి 0.025 శాతం ట్రెటినాయిన్, పగలు సన్‌స్క్రీన్. ఇప్పుడు నాకు యాభై దాటాయి, ఇంకా అవే వాడుతున్నాను.

ముందే ఫలితం చెప్పేస్తా. చర్మం నునుపు తేలింది. కళ్ల పక్కన సన్న గీతలు తగ్గాయి. మంగు చాలావరకు పలచబడింది. కానీ జారిన బుగ్గలు పైకి లేవలేదు, ముక్కు పక్కనుంచి మూతి దాకా దిగే లోతు గీత అలాగే ఉంది. ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఈ మందు నిజానికి మొటిమల కోసం వచ్చింది. అమెరికాలో 1971లో మొటిమలకే అనుమతి ఇచ్చారు. ఎండకు ముదిరిన చర్మం మీద కూడా పనిచేస్తుందని ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే డాక్టర్ బృందం 1986లో చూపించింది, 1995లో ముడతలకూ అనుమతి వచ్చింది. ఆ క్లిగ్‌మనే ఫిలడెల్ఫియాలో జైలు ఖైదీల మీద ప్రయోగాలు చేసి చెడ్డపేరు కూడా మూటగట్టుకున్నాడు, అది వేరే కథ. షాపుల్లో సీరం పేరుతో అమ్మే రెటినాల్ దీని చుట్టమే. కాకపోతే అది చర్మంలోకి వెళ్లాక మారి పనిచేయాలి కాబట్టి బలం తక్కువ, చురచురా తక్కువే.

ఇక చురచుర సంగతి. మొదటి రెండు నెలలూ ఓపిక పట్టాల్సిందే. గడ్డం దగ్గర పొట్టు లేచింది, ముక్కు పక్కలు ఎర్రబడ్డాయి. పెదవి మూలలు ఎంత పగిలాయంటే ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగేవి. డాక్టరమ్మ సలహా మీద పెదవి మూలలకి, ముక్కు అంచులకి ముందుగా వాజలైన్ రాసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. పద్ధతి ఇదీ: ముఖం కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి, తడి ముఖానికి రాస్తే ఎక్కువ మండుతుంది. మొత్తం ముఖానికి బఠాణీ గింజంత చాలు. పైన మాయిశ్చరైజర్. మొదట్లో వారానికి రెండు రాత్రులు, తట్టుకుంటే పెంచుకోవచ్చు. తొందరగా ఫలితం రావాలని రోజూ దట్టంగా పట్టించకూడదు. మన చామనఛాయ చర్మంలో మంట పుట్టిన చోట నల్ల మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. మంగు పోవాలని రాసుకున్న మందే కొత్త మచ్చలు తెస్తే ఏం లాభం?

వాడినన్నాళ్లూ ముఖానికి సున్నిపిండి రుద్దుడు మానేశాను. పండగ తలంట్లప్పుడు ఒంటికి మాత్రమే. పై పెదవి మీద వ్యాక్సింగ్ కూడా వద్దు, చర్మం పొరతో సహా ఊడొస్తుంది. ముట్లు ఆగిపోయాక చర్మం బాగా పొడిబారింది, అప్పట్నుంచి వారానికి మూడు రాత్రులకి తగ్గించాను. ఫలితం ఏమీ తగ్గలేదు.

అసలు మార్కులు ఎక్కువ పడాల్సింది సన్‌స్క్రీన్‌కి. నేను ఏళ్ల తరబడి విజయవాడ నుంచి గుంటూరుకి బస్సులో ఉద్యోగానికి తిరిగాను. పొద్దున వెళ్లేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎండ ఎడమ కిటికీలోంచే పడుతుంది. నాకేమో ఎడమ కిటికీ సీటంటే ఇష్టం. మంగు ఎడమ బుగ్గ మీదే ఎక్కువ ఎందుకుందో డాక్టర్ అడిగేదాకా తట్టలేదు. ఎండలో కంటికి కనపడని యూవీ కిరణాలు రెండు రకాలు. కిటికీ అద్దం చర్మాన్ని కమిలించే యూవీబీని చాలావరకు ఆపుతుంది గానీ, ముడతలు పెట్టే యూవీఏని అంతగా ఆపదు. 2012లో ఒక అమెరికా వైద్య పత్రికలో 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల మనిషి ఫొటో వచ్చింది. కిటికీ వైపు సగం ముఖం ముడతలు పడి, రెండో సగం కంటే ఎంతో ముసలిగా ఉంటుంది. వెతికి చూడండి, ఏ యాడ్ కంటే బాగా పనిచేస్తుంది.

నేను వాడేది ఎస్పీఎఫ్ 50, పీఏ ప్లస్‌లు ఎక్కువున్నది. ఎస్పీఎఫ్ అంకె యూవీబీకి, పీఏ పక్కన ప్లస్‌లు యూవీఏకి కొలత. ఎస్పీఎఫ్ 30 యూవీబీని 97 శాతం ఆపితే 50 ఆపేది 98 శాతం, అంతే తేడా. అంకె కంటే రాసే మోతాదే ముఖ్యం. రెండు వేళ్ల పొడవునా పిండినంత రాయాలి. చాలామంది అందులో సగం కూడా రాయరు, మళ్లీ పనిచేయలేదంటారు. జింక్ ఆక్సైడ్ రకాలు నాకు పడ్డాయి గానీ ముఖం బూడిద పూసుకున్నట్టు కనిపించేది. తర్వాత రంగు కలిపిన రకానికి మారాను. అందులో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా కొంత అడ్డుకుంటుంది, మంగు ఉన్నవాళ్లకి అది కలిసొస్తుంది. బెజవాడ చెమటకి రెండు గంటలకోసారి మళ్లీ రాయడం నా వల్ల కాలేదు. మధ్యాహ్నం ఒకసారి రాసి, మిగతాది గొడుగుకీ చున్నీకీ వదిలేశాను.

ఒక హెచ్చరిక. చీటీ లేకుండా మెడికల్ షాపులో ‘మంగు క్రీము’ అని అడిగితే కొన్నిచోట్ల హైడ్రోక్వినోన్ (మచ్చల్ని పలచబరిచే మందు), ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. మా వదిన అలాగే తెచ్చుకుని నెలల తరబడి రాసింది. మొదట మెరిసింది. ఆపగానే ముఖమంతా ఎర్రబడి, సన్న రక్తనాళాలు పైకి కనిపించి, ఎండలోకి వస్తే మంట. బాగుపడటానికి ఏడాది పైనే పట్టింది. అట్ట మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడే, డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు.

కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ట్రెటినాయిన్ జోలికి వెళ్లకూడదు. మిగతావాళ్లకి ఖర్చు భయం లేదు. ట్యూబు నాకు నెలలు నెలలు వస్తుంది, సన్‌స్క్రీనే త్వరగా ఖాళీ అవుతుంది, డబ్బు పోయేది దానికే. ఈ మధ్య చెకప్‌లో 0.05కి పెంచుకుంటారా అని డాక్టర్ అడిగారు. వద్దన్నాను. ఈసారి మెడకి కూడా ఈ 0.025నే వారానికి ఒక్క రాత్రి చొప్పున మొదలుపెట్టాను. ముఖం కంటే మెడ చర్మం తొందరగా మండుతోంది, ప్రస్తుతానికి చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.