నరాల జబ్బులవాళ్లకు ఆభా యాప్: రిపోర్టులు కదులుతాయి, స్కాన్ బొమ్మలు కాదు

పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన వాంతులతో పక్క ఊరి ఆస్పత్రికి వెళ్లాడనుకోండి. జబ్బు సంగతి తెలియక వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు ఇంకా పెరుగుతాయి. మన ఆస్పత్రి రికార్డులను ఫోన్‌లో చూపించి, మన అనుమతితో వేరే ఆస్పత్రికి చేర్చే ఆభా యాప్‌ను తూచాల్సింది ఇలాంటి చోటే.

2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ వచ్చిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం ఇది. ఆధార్ ఓటీపీతో 14 అంకెల ఆభా నంబరు వచ్చేస్తుంది. రికార్డులన్నీ ఒకేచోట కుప్ప పోయరు. ఏ ఆస్పత్రివి అక్కడే ఉంటాయి, మీరు సరేనంటేనే రెండో ఆస్పత్రికి చేరతాయి.

ఈ అనుమతి పద్ధతి నిజంగా బాగుంది. ఎవరు అడుగుతున్నారు, ఏ రకం కాగితాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీవి, ఎన్నాళ్లు చూస్తారు అన్నీ కనిపిస్తాయి. చూసే గడువు తగ్గించుకోండి. మొదలు తేదీని మాత్రం వీలైనంత వెనక్కి జరపండి. మొదటి ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, ఏ మందు ఎందుకు ఆపారు అన్నదే కొత్త న్యూరాలజిస్టుకు కావాలి.

చిక్కంతా లింకింగ్‌లో, అంటే పాత రికార్డులను ఆభా నంబరుకు కలపడంలో ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఓపీ చీటీలో ఒక్క అక్షరం, ఫోన్ నంబరేమో కొడుకుది. అలాగైతే పాత విజిట్లు దొరకవు. ఓపీ రాయించుకునే ముందే కౌంటర్లో క్యూఆర్ స్కాన్ చేయండి, పాతవాటిని ఆ నంబరుకు కలపమని అక్కడే అడగండి. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఈ మిషన్‌కు కలిసి లేకపోతే ఎంత అడిగినా ఏమీ రాదు.

ఇంతకన్నా పెద్ద లోటు ఎమ్మారైది. మామూలుగా వచ్చేది రెండు పేజీల రిపోర్టే. మెదడు, వెన్నుపాముల్లో నరాల పై పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కొత్త మచ్చ వచ్చిందా లేదా తేలాలంటే పాత, కొత్త బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడాలి. స్కాన్ సెంటర్‌లో అసలు స్కాన్ బొమ్మలుండే డైకామ్ ఫైళ్లున్న సీడీ అడిగి తీసుకోండి, ఫిల్ము ఒక్కటే చాలదు. మెదడు విద్యుత్ తరంగాలను గీసే ఈఈజీ పరీక్ష కూడా అంతే, చివరి నాలుగు వాక్యాలే వస్తాయి, గీతలు రావు.

నా లెక్కలో ఐదుకు మూడు. ఫిట్స్ వచ్చి స్పృహ లేని మనిషి ఫోన్లో సరే నొక్కలేడు కాబట్టి జేబులో ఒక కాగితం ఉండాల్సిందే. మందు పేరు, మిల్లీగ్రాములు, వేసుకునే గంటలు రాయండి. పార్కిన్సన్స్ మందు లెవోడోపా అయితే 110 బిళ్లా, 125 బిళ్లా అన్నదీ రాయండి. రెండింటిలోనూ లెవోడోపా 100 మిల్లీగ్రాములే, దాంతో కలిపి ఇచ్చే కార్బిడోపా మాత్రం ఒకదాంట్లో 10, ఇంకోదాంట్లో 25. ఇవ్వకూడని మందుల పేర్లు ఎర్ర సిరాతో, అన్నిటికన్నా పైన.