టెక్నికల్ కెమెరాకు బెల్లోస్ హుడ్: ఫ్లేర్‌ను ఎంతవరకు ఆపుతుంది?

భవనాల ఫోటోగ్రఫీలో టెక్నికల్ కెమెరా (లెన్సును సెన్సర్ ముందు పైకి, పక్కలకు జరపగల కెమెరా) వాడేవారిని లెన్స్ ఫ్లేర్, అంటే చెదిరిన వెలుగు చిత్రాన్ని పాలిపోయేలా చేయడం, ఎక్కువగా వేధించడానికి ముఖ్య కారణం లెన్సు నాణ్యత కాదు, ఇమేజ్ సర్కిల్ (లెన్సు తన వెనుక వెలుగు పరిచే వృత్తం) పరిమాణం. రోడెన్‌స్టాక్ హెచ్‌ఆర్ డిజరాన్-డబ్ల్యు 32 మి.మీ. లెన్సు 90 మి.మీ. వ్యాసమున్న వృత్తాన్ని వెలుగుతో నింపుతుంది. దాని వెనుక అమర్చే ఫేజ్ వన్ ఐక్యూ4 150 సెన్సర్ కొలత సుమారు 53 × 40 మి.మీ. మాత్రమే కనుక, ఆ వృత్తంలో మూడో వంతే చిత్రంగా మారుతుంది. మిగిలిన రెండు వంతులలో పడే వెలుగు కెమెరా లోపలి గోడలకు తగిలి, వాటికి ఎంత నలుపు పూసినా కొంత చెదిరి, చిత్రంలోని నీడల మీద పల్చని తెల్లపొరలా పరుచుకుంటుంది. లెన్సు ముందు మడతలతో సాగుతూ అనవసరపు వెలుగును ఆపే బెల్లోస్ హుడ్ విలువను ఈ లెక్కతోనే తూచాలి.

గుండ్రటి మామూలు హుడ్ ఇక్కడ ఎందుకు చాలదో అంకెలే చెబుతాయి. పై 32 మి.మీ. లెన్సుతో అడ్డంగా తీసే ఫ్రేముకు 12 మి.మీ. రైజ్ ఇస్తే, అంటే కెమెరాను వంచకుండా లెన్సును అంత పైకి జరిపితే, లెన్సు అక్షానికి పైవైపు 45 డిగ్రీల దాకా దృశ్యం కావాలి, కిందివైపు 14 డిగ్రీలు చాలు. అన్ని వైపులా ఒకే లోతు ఉన్న హుడ్‌ను ఆ 45 డిగ్రీలకు సరిపడేలా పొట్టిగా చేయక తప్పదు. అంటే కిందినుంచి వచ్చే వెలుగుకు అడ్డే ఉండదు. వేసవి మధ్యాహ్నం గ్రానైట్ పరిచిన ఆవరణలో నిలబడి భవనాన్ని తీస్తున్నప్పుడు, నేల నుంచి ఎగసే ఆ వెలుగు సూర్యుడికేమీ తీసిపోదు.

నేను వాడుతున్న హుడ్ 100 మి.మీ. ఫిల్టర్ హోల్డర్‌కు ముందు బిగుస్తుంది, ముందు చట్రం ఏ వైపుకైనా వాలుతుంది. రైజ్ ఇచ్చాక కింది అంచును ముందుకు లాగి, పై అంచును వెనక్కి నెడతాను. ఆ తర్వాత కెమెరా ముందుకు వెళ్లి లెన్సు ముందు గాజును చూస్తాను: నేల మెరుపు గాని, కిటికీ ప్రతిబింబం గాని అందులో ఇంకా కనిపిస్తోందంటే హుడ్ మరికాస్త సాగాలి. మూలలు కోసుకుపోతున్నాయేమో మాత్రం పనిచేసే ఎపర్చర్‌లోనే, అంటే ఎఫ్/11 దగ్గరే, పరీక్షించాలి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఉంటే హుడ్ అంచు మసకబారి, కోత సరిగ్గా తెలియదు. ఇలా సరిచేసిన ఫ్రేములో గుమ్మం లోపలి చీకటి, తలుపు చెక్క మీది గీతలు తేటగా నిలుస్తాయి. కాంట్రాస్ట్‌ను తర్వాత కంప్యూటర్‌లో పెంచి అదే తేటదనం తేవచ్చన్న వాదనతో నేను ఏకీభవించను, ఎందుకంటే పొర కింద కలిసిపోయిన నీడల తేడాలు ఆ విధంగా పూర్తిగా తిరిగి రావు. లెన్సు ముందు తెల్లని ప్లేటు పెట్టి తీసే, రంగుల వాలును, అంచుల చీకటిని సరిదిద్దే ఎల్‌సీసీ ఫ్రేము కూడా ఫ్లేర్‌ను తీసివేయలేదు. ఫ్లేర్ దృశ్యాన్ని బట్టి మారేది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎల్‌సీసీ కోసం తెల్లని ప్లేటును లెన్సుకు ఆనించాలంటే హుడ్‌ను తీయాలి, తీస్తే కుదిర్చిన వాలు పోతుంది. అందుకని దృశ్యం ఫ్రేములన్నీ ముగించాకే ఎల్‌సీసీ తీయడం మేలు. గాలి వీచినప్పుడు బెల్లోస్ తెరచాపలా పట్టుకొని, అర సెకను ఎక్స్‌పోజరులో కెమెరాను కదిలిస్తుంది. సూర్యుడే ఫ్రేములో ఉంటే, లేదా ఫ్రేము పై అంచును ఆనుకొని ఉంటే, ఈ హుడ్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

70 మి.మీ., అంతకు మించిన లెన్సుల దృశ్యకోణం ఇరుకు కనుక హుడ్‌ను బాగా సాగదీయవచ్చు; అవి వాడేవారు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. 32 మి.మీ. దగ్గర దీని ఉపయోగం కిందివైపు, పక్కల వెలుగుకే పరిమితం. 23 మి.మీ. లెన్సే ప్రధానంగా వాడేవారు మాత్రం డబ్బు వెచ్చించకుండా, మెరుపు లేని నల్లట్టను స్టాండుకు క్లిప్పుతో బిగించి, దాని నీడ ముందు గాజు మీద సరిగ్గా పడేలా నిలుపుకుంటే సరిపోతుంది. కొనేవారు దుకాణంలోనే చట్రాన్ని వాల్చి, చేయి తీశాక అది అదే కోణంలో నిలుస్తోందో లేదో చూసుకోవాలి.