విశాఖలో ఇల్లు తీసుకోవాలంటే పాత టౌనా, మధురవాడా? మధ్యలో ఎంవీపీ కాలనీ ఉంది కదా!

మధురవాడ వైపు అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఆరేళ్లలో మా అమ్మ ఒక్కసారి కూడా తనంతట తాను బజారుకి వెళ్లలేదు. అప్పటికి ఆమెకి మోకాళ్ల నొప్పులు కూడా లేవు. కొత్తిమీర కట్ట కావాలన్నా నేనో మా ఆయనో బండి తియ్యాలి, లేదా ఫోన్‌లో ఆర్డర్ పెట్టాలి. ఫోన్‌లో పెట్టడం ఆమెకి రాదు, మాటిమాటికీ మమ్మల్ని అడగడం ఇష్టం ఉండదు. కొత్తిమీర లేకుండానే చారు పెట్టేసేది.

మూడేళ్ల కిందట వన్ టౌన్‌లో, అంటే పాత టౌన్‌లో, కొత్తరోడ్డుకి దగ్గర్లో మేడ మీద పోర్షన్‌కి మారాం. వచ్చిన నాలుగో రోజు పొద్దున్న లేచి చూస్తే అమ్మ ఇంట్లో లేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. అరగంట తర్వాత సంచి నిండా కూరలతో మెట్లెక్కి వచ్చింది. పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్లొచ్చిందట. విశాఖలో ఇల్లు ఎక్కడ తీసుకోవాలని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పొద్దుటే.

అలాగని అందరికీ పాత టౌనే మేలని చెప్పను.

మధురవాడలో, పీఎం పాలెంలో, కొమ్మాదిలో ఇచ్చే అద్దెకి చోటు ఎక్కువ వస్తుంది. మేం అక్కడ కట్టినంత అద్దెకే ఇక్కడ ఒక గది తక్కువ. అక్కడ లిఫ్ట్ ఉంది, కరెంటు పోతే జనరేటర్ ఉంది, కారుకి గీత గీసిన చోటు ఉంది. కిటికీ తెరిస్తే కంబాలకొండ వైపు పచ్చదనం కనిపిస్తుంది. పిల్లలు గేటు లోపలే సైకిల్ తొక్కుకుంటారు. రుషికొండ ఐటీ కొండల మీద ఉద్యోగమైతే పదో పదిహేనో నిమిషాల్లో ఆఫీసుకి చేరతారు. భార్యాభర్తలిద్దరికీ చెరో బండి ఉండి, ఇద్దరి పనీ ఆ వైపే అయితే నేనైనా అక్కడే ఉండమంటాను.

ఇబ్బందల్లా బండి తోలనివాళ్లకి. ఆ ప్రాంతాన్ని రెండుగా కోస్తూ జాతీయ రహదారి పోతుంది. పాలు, మందులు, బ్యాంకు, బస్టాపు అన్నీ ఆ రోడ్డు మీదే, అదీ సగం అవతలి పక్క. లారీల మధ్య దాటడానికి నాకే గుండె దడ వచ్చేది, డెబ్భై దాటిన మనిషి ఎలా దాటుతుంది? సాయంత్రం నడకంటే కాంపౌండ్ గోడ లోపల గుండ్రంగా తిరగడమే. అమ్మ రోజూ పన్నెండు చుట్లు లెక్కపెట్టుకుని తిరిగేది. ఒంటికి అది సరిపోతుందేమో గానీ, దారిలో పలకరించే మనిషి ఉండేవారు కాదు.

పాత టౌన్ వీధులు బండ్ల కోసం వేసినవి కావు. 1933లో ఓడరేవు తెరిచేనాటికే అక్కడ ఊరు ఉంది. బురుజుపేట, కోట వీధి, సోల్జర్‌పేట అన్న పేర్లలోనే ఆ పాతకాలం వినిపిస్తుంది. కింద కొట్టు, మీద ఇల్లు. గుమ్మం దిగితే వీధే. అందుకే వంద అడుగులు వేస్తే పిండి మర, దర్జీ, ఇస్త్రీ బండి, చెప్పులు కుట్టే అతను, మందుల షాపు వరసగా తగులుతాయి. బంగారం పని ఉంటే కురుపాం మార్కెట్ ఉంది. పాత పోస్టాఫీసు దగ్గర సిటీ బస్సులు బయల్దేరతాయి కాబట్టి అక్కడికి వెళ్లి ఎక్కితే అమ్మకి సీటు దొరుకుతుంది. 1923లో మొదలైన ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ మాకు ఆటోలో కొద్ది నిమిషాల దూరం. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే అంతకన్నా ధైర్యం ఏముంటుంది?

చేపల మాట చెప్పకపోతే పాత టౌన్ గురించి చెప్పినట్టే కాదు. ఫిషింగ్ హార్బర్ దగ్గరే కాబట్టి పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ మా వీధిలోకి వస్తుంది. కోనాం ఉందో, నెత్తళ్లున్నాయో మేడ మీంచే అడుగుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట ఆపేస్తారు, ఆ 61 రోజులు ఆమె తట్టలో ఎక్కువగా ఎండుచేపలే ఉంటాయి. అమ్మ రెండు రోజులు కనిపించకపోతే "ఏటమ్మా, మీ అమ్మగారికి ఒంట్లో బాగోనేదా?" అని అడుగుతుంది. మధురవాడలో ఆరేళ్లున్నా పక్క ఫ్లాట్‌లోవాళ్ల పేరు మాకు సరిగ్గా తెలియదు.

ఇక ఇక్కడి కష్టాలు. వీటిని తక్కువ చేసి చెబితే ఇల్లు మారేవాళ్లని మోసం చేసినట్టే. మొదటిది ధూళి. బొగ్గు దిగే రేవు పక్కన ఊరు ఇది. పొద్దున్న తుడిచిన కిటికీ చట్రం సాయంత్రానికి నల్లబడుతుంది. ఆరేసిన తెల్ల బట్టల మీద కూడా కనిపిస్తుంది. ఇంట్లో ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లుంటే పాత టౌన్ వద్దు. ఈ ఒక్క విషయంలో నేను రెండో మాట చెప్పను. రెండోది ఉప్పుగాలి. గ్రిల్స్ తుప్పు పడతాయి, పాత గోడల సున్నం పెచ్చులు ఊడుతుంది. ఓనరు బాగుచేయిస్తాడా లేదా అన్నది చేరకముందే తేల్చుకోవాలి. మా మొదటి ఓనరు "చేయిద్దాం" అంటూనే రెండు వానాకాలాలు గడిపేశాడు, వంటింట్లో గిన్నెలు పెట్టుకుని నీళ్లు పట్టాం.

కారు ఉన్నవాళ్లకి చోటు దొరకదు. మాది వీధి చివర పెడతాం, ఒక అద్దం ఇప్పటికే పోయింది. మార్గశిర మాసం గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం బుధవారం అర్ధరాత్రి నుంచే బారులు తీరతారు. ఆ చుట్టుపక్కల వీధుల్లోకి బండ్లు రానివ్వరు. ఆ నెల అంతా మైకులు, రద్దీ. అయినా నాకు ఆ నెల ఇష్టం. గర్భగుడికి పైకప్పు లేని ఆ గుడిలో అమ్మవారికి ఎవరి పూజ వాళ్లే తమ చేతులతో చేసుకోవచ్చు. అమ్మ నడిచి వెళ్లి, పసుపు కుంకుమలు ఇచ్చి, నడిచి వస్తుంది. నిద్ర తేలికైనవాళ్లకి మాత్రం ఆ నెల కష్టమే.

డబ్బు లెక్క చూసేటప్పుడు అద్దె ఒక్కటే చూడకండి. పాత టౌన్‌కి వచ్చాక మేం రెండో స్కూటర్ అమ్మేశాం. పెట్రోలు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్, అవసరం లేకపోయినా కొనిపించే డెలివరీ ఆర్డర్లు తగ్గాయి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి మధురవాడ నుంచి వచ్చినా నాకు ఛార్జీ ఉండదు. పోయేది సమయం. ఊళ్లోకి, జగదాంబ సెంటర్ దాకా రావడానికి, మళ్లీ వెళ్లడానికి సగం పూట పోయేది.

ఎంవీపీ కాలనీ సంగతి చాలామంది అడుగుతారు. మంచి చోటే. వుడా (నగరాభివృద్ధి సంస్థ) వేసిన లేఅవుట్ కాబట్టి వీధులు వెడల్పు, చెట్ల నీడ ఉంది, రైతుబజారుకి నడిచి వెళ్లొచ్చు, సముద్రం దగ్గర. ముసలివాళ్లు, కారు, చిన్నపిల్లలు అన్నీ ఉన్న ఇంటికి ఈ మూడు చోట్లలో అదే కుదురుతుంది. పాత టౌన్ సందడి అక్కడ ఉండదు, ధూళి కూడా అంత ఉండదు. అద్దె చూసే మేం వెనక్కి తగ్గాం.

కాబట్టి ఇంట్లో బండి నడపలేని మనిషి ఎవరో ముందు చూడండి. ఆ మనిషి రోజులో ఎన్నిసార్లు ఇంకొకరిని అడగాల్సి వస్తుందో లెక్కపెట్టండి. మధురవాడలో మా ఇంట్లో అది అమ్మ. మీ ఇంట్లో ట్యూషన్‌కి వెళ్లే పన్నెండేళ్ల పిల్ల కావచ్చు. పాత టౌన్‌లో ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లొద్దు, అప్పుడు అన్నీ ప్రశాంతంగానే ఉంటాయి. మామూలు రోజు సాయంత్రం ఏడింటికి వెళ్లండి. కిటికీ చట్రం మీద వేలు పెట్టి చూడండి, నీళ్లు ఏ వేళకి వస్తాయో కింది వాళ్లని అడగండి, మెట్లు ఎక్కి దిగండి.

మెట్ల విషయం మేం సరిగ్గా చూసుకోలేదు. అమ్మకి ఇప్పుడు మోకాళ్లు నొప్పులు పుడుతున్నాయి, ఇరవై రెండు మెట్లు దిగాక ఒక నిమిషం ఆగుతోంది. మధురవాడలో లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ మళ్లీ చూద్దామా అని అడిగాను. వద్దంది. కింద పోర్షన్ కోసం వెతుకుతున్నాం, ఇదే వీధిలో.