వినెగర్ హిల్ కథల నడక: వెళ్లండి, కానీ ప్రశ్నలు అడగండి

ఐర్లండ్‌లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని ఎనిస్కార్తీలో స్థానికుడొకాయన, బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటు కథలు చెబుతూ జనాన్ని వినెగర్ హిల్ దాకా నడిపిస్తారు. మనిషికి 15 యూరోలు. కథ చెప్పడంలో ఆయనకు తిరుగులేదు. పేచీ అంతా చెప్పకుండా వదిలేసిన కథలతోనే.

స్లేనీ నది దాటి కొండెక్కుతుండగా జేబులోంచి బార్లీ గింజలు తీసి మా చేతుల్లో పోశారు. తిరుగుబాటుదారులు దారిబత్తెంగా ఇవే జేబుల్లో వేసుకుని నడిచేవారట. చనిపోయినవారిని కలిపి పూడ్చిన గోతుల మీద తర్వాత బార్లీ మొలిచిందని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఒక గింజ నమిలి చూశాను, పంటికి లొంగలేదు. ఎంత ఆకలి మీదుంటే ఇవి తిని యుద్ధం చేస్తారో!

తిరుగుబాటుకు ముందు నిలిచిన పాదరీ ఫాదర్ జాన్ మర్ఫీ కథ త్వరగానే ముగించారు, మంచిదే, అది అందరూ చెప్పేదే. కొండ మీద గాలిమర మొండిగోడ దగ్గర మాత్రం తీరిగ్గా నిలబెట్టారు. జూన్ 21న బ్రిటిష్ సేనాని జనరల్ లేక్ ఫిరంగులు కొండను చుట్టుముడుతుంటే, ఆయన కింది సేనాని నీధమ్ దళం వేళకు రాలేదు. ఆ సందులోంచే తిరుగుబాటుదారులు వేలమంది తప్పించుకున్నారు. ఎటు పరుగెత్తారో ఆయన చెయ్యి చాచి చూపిస్తుంటే మా చూపులూ అటే పరుగెత్తాయి.

అయితే ఆయన నోట 'ఇంగ్లిష్ సైనికులు' తప్ప మరో మాట లేదు. మే 27న ఔలర్ట్ కొండ మీద దాదాపు తుడిచిపెట్టుకుపోయిన, ప్రభుత్వం తరఫున పోరాడిన నార్త్ కార్క్ మిలీషియా దళంలో ఉన్నది ఐరిష్ వాళ్లే కదా! జూన్ 5న స్కల్లబోగ్‌లో తిరుగుబాటుదారులు వందమందికి పైగా బందీలను, ఎక్కువమంది ప్రొటెస్టెంట్లను, ఆడవాళ్లనీ పిల్లలనీ కూడా చూడకుండా కొట్టంలో పెట్టి తగలబెట్టారు. ఆ ఊసే ఎత్తలేదు. నేనే అడిగాను. "మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ పేరు పలికేవారు కారు" అన్నారు. ఆ తర్వాత, అక్కడ జరిగిందంతా ఏ మెరుగులూ దిద్దకుండా చెప్పారు. నా లెక్కలో నడక మొత్తంలో మేలైన భాగం అదే. అడిగితేనే వచ్చింది కాబట్టి ఐదుకు నాలుగు.

చిన్నపిల్లలను తీసుకెళ్లేవారు ముందే ఆయనకు ఒక మాట చెప్పండి. ప్రభుత్వ సైనికులు అనుమానితుల తలకు మరిగే తారు పూసిన టోపీ తొడిగి, చర్మంతో సహా ఊడబెరికిన సంగతి ఆయన పూసగుచ్చినట్టు చెబుతారు. పైన గాలికి గొడుగు నిలవదు, వానకోటు తీసుకెళ్లండి.