న్యూరోపిక్సెల్స్, టూ-ఫోటాన్, మినిస్కోప్: కొత్త ల్యాబ్‌కి ఏది మేలు?

బతికున్న చిట్టెలుక మెదడులో ఒక్కో న్యూరాన్ ఏం చేస్తోందో చూడాలనుకునే కొత్త ల్యాబ్‌లో మొదటి తగవు పరికరం దగ్గరే వస్తుంది. గ్రాంటులో డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. సూది లాంటి సిలికాన్ ప్రోబ్‌ని (న్యూరోపిక్సెల్స్) మెదడులోకి దించాలా, లేజర్ మైక్రోస్కోప్ (టూ-ఫోటాన్) కింద జంతువు తల బిగించాలా, లేక వేలెడంత మైక్రోస్కోప్‌నే (మినిస్కోప్) దాని తల మీద కూర్చోబెట్టాలా?

ఏది మేలో తేల్చే ముందు వీటి వెనకున్న డబ్బు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే రేపు రిపేరు, సాఫ్ట్‌వేర్ సాయం ఎక్కడ దొరుకుతాయన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. అమెరికా ప్రభుత్వం 2013 ఏప్రిల్‌లో మెదడు పరిశోధనకు బ్రెయిన్ ఇనిషియేటివ్ అనే పథకం ప్రకటించింది.  దాని బడ్జెట్ 2023లో 68 కోట్ల డాలర్లకు ఎక్కి, 2024లో 40.2 కోట్లకు, 2025లో 32.1 కోట్లకు పడిపోయింది. యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) మినిస్కోప్ డిజైన్లు అందరికీ ఉచితంగా దొరకడానికి ఇలాంటి ప్రజాధనమే కారణం. న్యూరోపిక్సెల్స్ దారి వేరు. హోవార్డ్ హ్యూస్, అలెన్, గాట్స్‌బీ, వెల్కమ్ సంస్థల డబ్బుతో బెల్జియంలోని ఐమెక్ అనే చిప్ పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసింది. కాబట్టి బడ్జెట్ కోత పడితే ముందు దెబ్బ తినేది ప్రోబ్ కాదు, ఉచిత సాఫ్ట్‌వేర్‌ని సరిచేస్తూ కూర్చునే నలుగురైదుగురి జీతాలు.

టైమింగ్ కావాలా, ఏ కణమో తెలియాలా?

న్యూరాన్ కొట్టే ఒక స్పైక్ (క్షణికమైన విద్యుత్ సిగ్నల్) మిల్లీ సెకనులో అయిపోతుంది. న్యూరోపిక్సెల్స్ సెకనుకు 30,000 సార్లు ఓల్టేజీ చదువుతుంది కాబట్టి ఏ స్పైక్ ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా దొరుకుతుంది. టూ-ఫోటాన్, మినిస్కోప్ రెండూ చూసేది స్పైక్‌ని కాదు. స్పైక్ వచ్చినప్పుడు కణంలో పెరిగే కాల్షియాన్ని పట్టి వెలిగే జీక్యాంప్ అనే ప్రొటీన్ వెలుగును చూస్తాయి. ఆ వెలుగు సగానికి తగ్గడానికి జీక్యాంప్6ఎఫ్ అనే రకంలో సుమారు 140 మిల్లీ సెకన్లు, 6ఎస్‌లో అర సెకనుకు పైన పడుతుంది. తర్వాత వచ్చిన జీక్యాంప్8 రకాలు చాలా వేగంగా వెలుగుతాయి. కానీ మైక్రోస్కోప్ సెకనుకు 30 ఫ్రేములే తీస్తుంటే ఆ వేగం సగం వృథా. శబ్దం చెవిన పడ్డాక ఏ ప్రాంతం ముందు స్పందించింది, ఏది 8 మిల్లీ సెకన్ల తర్వాత అన్నది మీ ప్రశ్న అయితే ఇమేజింగ్ జోలికే పోవద్దు.

ప్రోబ్‌కి కణం ముఖం కనపడదు. 384 ఛానెళ్లలో (ఒకేసారి చదివే సిగ్నల్ దారులు) వచ్చిన గందరగోళం నుంచి ఏ స్పైక్ ఏ కణానిదో కిలోసార్ట్ లాంటి ప్రోగ్రామ్ వేరుచేస్తుంది. 384 ఛానెళ్లంటే 384 న్యూరాన్లు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచి రికార్డింగులో ఒక ప్రోబ్‌కి రెండు మూడు వందల యూనిట్లు (విడదీసి గుర్తించిన న్యూరాన్లు) రావచ్చు, చెడ్డ రోజున ఎనభై కూడా రావు. స్పైక్ సన్నగా ఉంటే అది నిరోధక న్యూరాన్ (పక్క న్యూరాన్లను అణిచేది) అయి ఉండొచ్చని ఊహిస్తాం, అంతవరకే. ఇమేజింగ్‌లో ఫలానా రకం కణంలోనే జీక్యాంప్ పెట్టించి, పక్కపక్కనే ఉన్న రెండు కణాలను కూడా విడదీసి చూడొచ్చు.

ఒకే ప్రశ్నకు రెండు పరికరాలు రెండు జవాబులు చెప్తాయన్నది ఉత్త మాట కాదు. అలెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చిట్టెలుక దృష్టి ప్రాంతాల్లో అవే దృశ్యాలు చూపించి రెండు పద్ధతుల్లోనూ రికార్డు చేసి, 2021లో పోల్చి చూపారు. ప్రోబ్‌లో స్పందించే న్యూరాన్ల శాతం ఎక్కువ వచ్చింది, ఇమేజింగ్‌లో స్పందన మరింత ఏరికోరినట్టు కనపడింది. విడి స్పైకులను కాల్షియం సిగ్నల్ తేలిగ్గా జారవిడుస్తుంది. మౌనంగా ఉండే కణాలను ప్రోబ్ అసలు లెక్కలోకే తీసుకోదు. రెండు పేపర్ల శాతాలను పక్కన పెట్టి పోల్చే ముందు ఇది గుర్తుండాలి.

ప్రోబ్‌తో పని

న్యూరోపిక్సెల్స్ 1.0 షాంక్ (మెదడులోకి దిగే సూది భాగం) పొడవు 10 మి.మీ, వెడల్పు 70 మైక్రాన్లు, మందం 24 మైక్రాన్లు. దాని మీద 960 సైట్లు (సిగ్నల్ పట్టే చుక్కలు) ఉన్నా ఒకేసారి 384 మాత్రమే చదవగలం. వరుసగా ఉన్న 384 సైట్లు ఎంచుకుంటే 3.84 మి.మీ లోతు ఒక్కసారిగా వస్తుంది: పైన కార్టెక్స్, దాని కింద హిప్పోక్యాంపస్, ఇంకా కింద థలామస్. ఈ లోతు ఇంకే పద్ధతిలోనూ ఇంత సులువుగా రాదు.

దించేటప్పుడు తొందర పనికిరాదు. నిమిషానికి 200 మైక్రాన్ల చొప్పున దించితే 3 మి.మీ వెళ్లడానికి పావు గంట. చేరాక మరో పది పదిహేను నిమిషాలు ఆగాలి, లేకపోతే నొక్కుకున్న కణజాలం మెల్లగా పైకి లేస్తూ ఒకే న్యూరాన్ ఛానెల్ నుంచి ఛానెల్‌కి జరిగిపోతుంది. నెమ్మదైన ఈ డ్రిఫ్ట్‌ని కిలోసార్ట్ సరిదిద్దగలదు. జంతువు తన్నుకున్నప్పుడు వచ్చే ఒక్క కుదుపును సరిదిద్దడం కష్టం. మొన డ్యూరా (మెదడును కప్పే గట్టి పొర) దగ్గర వంగిందంటే బలం పెంచకండి, వెంటనే వెనక్కి తీసి డ్యూరాని చీల్చండి. దించే ముందు షాంక్‌కి డీఐఐ రంగు పూస్తే తర్వాత మెదడును పలుచగా కోసి చూసినప్పుడు ప్రోబ్ దారి ఎర్రగా కనపడుతుంది. ఆ దారి లేకుండా "ఇది థలామస్ న్యూరాన్" అంటే రివ్యూయర్ ఒప్పుకోడు.

మిగతా చిక్కులు దాదాపు అన్నీ గ్రౌండ్ దగ్గరే. పుర్రె రంధ్రంలో సెలైన్ ఆరిపోతే రిఫరెన్స్ (ఓల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో ఆ సంబంధం) తెగిపోయి అన్ని ఛానెళ్లూ ఒకేసారి ఎగిరిపడతాయి, అందుకే అరగంటకోసారి చుక్క వేయాలి, లేదా మెత్తటి జెల్‌తో కప్పాలి. మన దేశంలో కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హోరు మొండిది. ముందు ల్యాప్‌టాప్ చార్జర్, బల్ల మీది లైటు తీసి చూడండి. తర్వాత జంతువు, ఫ్రేము, హెడ్‌స్టేజీ (ప్రోబ్‌కి తగిలించే చిన్న సర్క్యూట్ బోర్డు) మూడూ ఒకే చోట గ్రౌండ్ అవుతున్నాయా చూడండి. ఆప్టోజెనెటిక్స్ (వెలుగుతో న్యూరాన్లను నడిపించే పద్ధతి) కలిపితే 1.0 చిప్ మీద వెలుగు పడగానే దొంగ సిగ్నల్ వస్తుంది, లైటు వెలిగిన, ఆరిన క్షణాలను విశ్లేషణలోంచి తీసేయాలి. పని అయ్యాక 1% టెర్గజైమ్ (ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్) ద్రావణంలో కొన్ని గంటలు నానబెట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే ప్రోబ్ మళ్లీ వాడొచ్చు. కడుగుతూ గాజు అంచుకి తగిలించి విరగ్గొట్టడం మామూలు ప్రమాదమే.

లేజర్ ఖరీదు లేజర్‌తో ఆగదు

టూ-ఫోటాన్ మైక్రోస్కోపీని (రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలిన చోటే కణాన్ని వెలిగించే పద్ధతి) 1990లో కార్నెల్ యూనివర్సిటీలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ చూపించారు. జీక్యాంప్‌కి 920 నానోమీటర్ల దగ్గర మెరిసే లేజర్ కావాలి, మామూలుగా టైటానియం-సఫైర్ వాడతారు. లేజర్ ఒక్కటే కోటి రూపాయలు దాటుతుంది. పైన టేబుల్, చిల్లర్ (లేజర్‌ని నీళ్లతో చల్లబరిచే యంత్రం), ఏసీ, యూపీఎస్. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో చిల్లర్ నీళ్ల ఉష్ణోగ్రతను గదిలోని మంచు బిందువు (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కన్నా పైన పెట్టాలి. లేదంటే లేజర్ హెడ్ మీద తేమ పట్టి, తర్వాత వచ్చే బిల్లు చూసి తల ప్రాణం తోకకొస్తుంది.

జీక్యాంప్‌ని కణాల్లోకి చేర్చే ఏఏవీ వైరస్ ఎక్కించాక రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. డోసు ఎక్కువైతే జీక్యాంప్ కేంద్రకంలోకి కూడా చేరి కణం నిండుగా, గుండ్రంగా వెలుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం నల్లటి మధ్యభాగంతో ఉంగరంలా కనపడాలి. నిండుగా వెలిగే కణాల డేటా ఎంత అందంగా ఉన్నా పారేయండి. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మూడు పలుచనల్లో, మూడు జంతువుల మీద ముందు చూసుకోవడం మంచిది. పక్కన దృశ్యాలు చూపే తెర ఉంటే దాని వెలుగు లెన్సు చుట్టూ దూరి ఇమేజీని కడిగేస్తుంది, నల్ల కోన్ తప్పనిసరి. బొమ్మ పక్కకు కదిలితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, పైకీ కిందకీ కదిలితే ఆ కణం ఫోకస్‌లోంచి పోయినట్టే. సూట్2పీ అనే విశ్లేషణ ప్రోగ్రామ్ మామూలుగా కణం సిగ్నల్ నుంచి చుట్టుపక్కల వెలుగును 0.7తో గుణించి తీసేస్తుంది. ఆ 0.7ను కళ్లు మూసుకుని నమ్మితే మౌనంగా ఉన్న కణాలు కూడా పొరుగువాళ్లతో కలిసి పాడుతున్నట్టు కనపడతాయి, లేదా అవసరానికి మించి మూగబోతాయి.

లోతు సుమారు అర మిల్లీమీటరు వరకే. అయినా నెల రోజుల పాటు అవే కణాలను రోజూ చూడాలంటే, ఫలానా కణం కార్టెక్స్ రెండో పొరలో ఉందని ఖాయంగా చెప్పాలంటే, దీనికి సాటి లేదు.

మినిస్కోప్: చవక అని మోసపోకండి

యూసీఎల్ఏ వీ4 బరువు 2.6 గ్రాములు, చిట్టెలుక బరువు 25 గ్రాములు. అంటే పదో వంతు బరువు తల మీద. చిన్న ఆడ జంతువులు మెడ వంచేస్తాయి, వాటి ప్రవర్తనే మారిపోతుంది. లాభం ఏంటంటే జంతువు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటే చూడొచ్చు. మిగతా రెండింటితో పోలిస్తే పరికరం ఖర్చు కూడా కొద్దే.

అసలు ఖర్చు ఆపరేషన్‌లో ఉంది. హిప్పోక్యాంపస్ చూడాలంటే 1 మి.మీ వ్యాసం ఉన్న గ్రిన్ లెన్సు (సన్నటి కడ్డీ లాంటి లెన్సు) పెట్టాలి. దానికోసం పైనున్న కార్టెక్స్‌ని సన్నటి సూదితో పీల్చేయాలి. రక్తం ఆగకముందే లెన్సు దించితే కింద గడ్డ కట్టి నెల తర్వాత కూడా మసకే. రెండు మూడు వారాల తర్వాత బేస్‌ప్లేట్ (మినిస్కోప్ కూర్చునే పీట) అతికించేటప్పుడు డెంటల్ సిమెంట్ ఆరుతూ కుంచించుకుపోతుంది, ఫోకస్ జరుగుతుంది. వీ4లోని ఎలక్ట్రోవెట్టింగ్ లెన్సు (ఓల్టేజీతో ఫోకస్ మారే లెన్సు) పైకీ కిందకీ సుమారు 200 మైక్రాన్లు సర్దుకోగలదు కాబట్టి ఆ పరిధి మధ్యలో ఉంచి అతికించండి, చివర్లో కాదు. ఎల్ఈడీ ఎంత తక్కువ పెడితే అంత మంచిది, ఎక్కువైతే జీక్యాంప్ వెలిసిపోతుంది. వన్-ఫోటాన్ (లోతులన్నీ ఒకేసారి వెలిగే మామూలు పద్ధతి) కాబట్టి వెనక మసక వెలుగు ఎప్పుడూ ఉంటుంది. సీఎన్ఎంఎఫ్-ఇ అనే ప్రోగ్రామ్ దాన్ని వేరుచేస్తుంది గానీ, అది ఇచ్చిన "కణాల్లో" రక్తనాళాల అంచులు కూడా ఉంటాయి. వాటిని చేత్తో ఏరేయక తప్పదు.

ఇక్కడ తర్వాతి తరం ప్రోబ్ న్యూరోపిక్సెల్స్ 2.0 పోటీకి వస్తుంది. రెండు ప్రోబులు, హెడ్‌స్టేజీ కలిపి సుమారు 1.1 గ్రాములు. తిరిగే జంతువులో మిల్లీ సెకన్ల లెక్కన రికార్డింగ్ కావాలంటే ఇదే మేలు. వారాల తరబడి అదే న్యూరాన్ అని గట్టిగా చెప్పడంలో మాత్రం ఇమేజింగే ముందుంటుంది.

నా ఓటు

ఒక్క గ్రాంటు, ఇద్దరు విద్యార్థులు, ఖాళీ గది ఉంటే ముందు న్యూరోపిక్సెల్స్. మన దగ్గర జంతువుల మీద పనికి సంస్థలోని ఐఏఈసీ (జంతు ప్రయోగాల నైతిక కమిటీ) అనుమతి దేనికైనా తప్పదు. జీక్యాంప్ కోసం వైరస్ వాడితే బయోసేఫ్టీ కమిటీ గడప కూడా ఎక్కాలి. ప్రోబ్‌కి వైరస్ అక్కర్లేదు కాబట్టి మొదటి డేటా చాలా ముందే చేతికొస్తుంది. రోజుల తరబడి నేర్చుకోవడం, కణాల రకం మీ ప్రశ్న అయితే ఇమేజింగే. సొంతంగా కొనే ముందు మీ సంస్థలో ఉమ్మడి మైక్రోస్కోపీ విభాగంలో టూ-ఫోటాన్ ఉందేమో అడగండి. స్వేచ్ఛగా తిరిగే జంతువులో ఒక్క లోతైన ప్రాంతం, ఒక్క రకం కణం అయితే మినిస్కోప్, అదీ ఆపరేషన్ చేతిలో ఉన్న మనిషి ఉంటేనే.

డిగ్రీ, పీజీ విద్యార్థులకు నాలుగో దారి ఉంది: ఏమీ కొనకపోవడం. ఇంటర్నేషనల్ బ్రెయిన్ ల్యాబొరేటరీ 12 ల్యాబుల్లో, 139 చిట్టెలుకల్లో, 699 ప్రోబులు దించి, 279 ప్రాంతాల నుంచి ఆరు లక్షలకు పైగా న్యూరాన్ల రికార్డింగులను అందరికీ తెరిచిపెట్టింది. ఆ విశ్లేషణ 2025లో వచ్చింది. బ్రెయిన్ ఇనిషియేటివ్ డబ్బుతో నడిచే డాండీ ఆర్కైవ్‌లో ప్రోబ్ డేటా, ఇమేజింగ్ డేటా రెండూ ఎన్‌డబ్ల్యూబీ అనే ఉమ్మడి ఫార్మాట్‌లో దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్, పైథాన్ చాలు. మొత్తం ఫైలు దించుకోకుండా కావలసిన ముక్కనే చదవొచ్చు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే సగం ఉందేమో చూసుకున్నాకే కొటేషన్లు అడగండి.

అడిగేటప్పుడు స్టోరేజీని బడ్జెట్‌లో విడి పద్దుగా రాయండి. 384 ఛానెళ్లు, సెకనుకు 30,000 శాంపిళ్లు, ఒక్కోటి 2 బైట్లు అంటే గంటకు 83 జీబీ. 512 బై 512 ఇమేజీ 30 ఫ్రేముల చొప్పున తీస్తే గంటకు 57 జీబీ దాకా. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు ఒక్క ప్రోబ్ నడిపినా నెలకు మూడు టెరాబైట్లు దాటుతుంది, బ్యాకప్‌తో కలిపితే దానికి రెట్టింపు.