రాయగడలో ఆదివారం కార్మిక చట్టాల తరగతి: పది వారాల తరవాత నా అభిప్రాయం

రాయగడ స్టేషను దగ్గర ఒక మేడ మీద, రిటైరైన వెల్ఫేర్ ఆఫీసర్ (మిల్లుల్లో కార్మికుల బాగోగులు చూసే అధికారి) ఒకాయన ఆదివారాలు కార్మిక చట్టాల తరగతి నడుపుతున్నారు. పది వారాలు, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. ఫీజు 4,500 రూపాయలు. పాఠం ఒడియాలో మొదలై, మా ముఖాలు చూశాక తెలుగులోకి మారుతుంది. పన్నెండేళ్లుగా ఒక మిల్లులో నా హోదా పర్సనెల్ మేనేజర్, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారి. చేసే పని మాత్రం గేటు పాసులు రాయడం, అతిథులకు కార్లు పంపడం. అందుకే చేరాను.

రెండో వారానికే కట్టిన ఫీజు గిట్టిపోయింది. "మీ మిల్లులో ఎంతమందమ్మా?" అని అడిగారు మాస్టారు. 430 అన్నాను. "కాంట్రాక్టరు మనుషులో?" మరో 160. 500 మంది కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ చెప్పేది. ఆ అధికారి అర్హతలు, విధులు, ఉద్యోగ షరతులు నిర్ణయించేది యజమాని కాదు, ప్రభుత్వం. కార్మికుడన్న మాటకు ఆ చట్టమిచ్చిన నిర్వచనంలో కాంట్రాక్టరు తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఆయన బోర్డు మీద 590 అని రాసి, కింద రెండు గీతలు గీశారు. ఆ 160 మందిని వదిలేసి, లెక్క 500 దాటకుండా నెలనెలా పట్టిక తయారుచేసింది నేనే. నా కుర్చీకి విలువ ఎందుకు లేదో ఆ కూడికలో కనబడింది.

నాలుగో వారం అందరికీ ప్రమాద నివేదిక ఫారం పంచారు. "బెల్టులో పడి వేలు నలిగింది. సెలవు రాయించేయండి అంటున్నాడు ఫోర్‌మన్. మీరేం రాస్తారు?" దెబ్బ తగిలినవాడు 48 గంటలు, అంతకు మించి పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని ఆ చట్టంలో ఉండేది. నా పెన్ను కదలలేదు. మూడేళ్ల కిందట కుయి భాష మాట్లాడే ఒక కుర్రాడి విషయంలో నేను 'సొంత సెలవు' అనే రాశాను. అతని ఎడమ చేతి చూపుడు వేలు ఇప్పటికీ వంగదు. ఆ సంగతి చెబితే మాస్టారు తిట్టలేదు. "ఇకనుంచి సెక్షన్ నంబరు వేసి రాయమ్మా. అప్పుడది నీ మాట కాదు, చట్టం మాట" అన్నారు. తరవాత మిల్లులో ఒకరి మణికట్టు విరిగినప్పుడు అలాగే నోటు పెట్టాను. పెద్ద మేనేజరు గదిలో నన్ను కూర్చోమన్నది అదే మొదటిసారి.

గదిలో ఒకటే ఫ్యాను. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది నోట్సు. అన్నీ పాత చట్టానివే. దాని స్థానంలో, 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో వెల్ఫేర్ ఆఫీసర్‌కు హద్దు 250 మందే! కాంట్రాక్టు లెక్క లేకుండానే మా మిల్లు దాని కిందికి వస్తుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఈ సంగతికి చివరి ఆదివారం అరగంటే దక్కింది.

అయినా గుణుపురం, కొరాపుట్ వైపు మిల్లుల్లో టైం ఆఫీసు (హాజరు లెక్కల) పని చూసేవాళ్లు తప్పక చేరండి. తరవాతి బ్యాచ్‌లో కొత్త కోడ్‌కు మూడు వారాలు ఇస్తామంటే నేను మళ్లీ ఫీజు కడతాను. మాస్టారికి ఆ మాట చెప్పే వచ్చాను.