గుణుపూర్, పర్లాకిమిడి వైపు మోటారు కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి

ఉభాలు (వరి నాట్లు) దగ్గరపడుతున్నాయి, మోటార్ల షాపుల్లో జనం మొదలయ్యారు. కౌంటరు దగ్గర ఎవరైనా "మీ పాతది నిమిషానికి 1440 చుట్ల స్పీడు, ఇది 2880. రెట్టింపు స్పీడు, రెట్టింపు నీళ్లు" అన్నారంటే అక్కడ డబ్బు కట్టకండి. మాకు ఆ మాట చెప్పే 5 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే బాడీలో ఉండేది) అంటగట్టారు. సీజను నడుమ వైండింగ్ కాలిపోయింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

మా పొలం వంశధార ఒడ్డున. నీటి మట్టం నుంచి బోదె దాకా ఎత్తు, పైపుల్లో రాపిడి, అన్నీ కలిపినా హెడ్ 12 మీటర్లు దాటదు. ఆ సంగతి షాపులో ముందే చెప్పాం. చేతికిచ్చిన పంపు నేమ్‌ప్లేటు మీద మాత్రం హెడ్ 24 నుంచి 36 మీటర్లు అని ఉంది. "హెచ్‌పీ ఒకటే కదండీ, తేడా ఏముంటుంది?" అన్నాడాయన. తేడా అంతా అక్కడే. మా పాత పంపు ఆ 5 హెచ్‌పీతోనే ఎక్కువ నీళ్లను తక్కువ ఎత్తుకు తోసేది. ఇది తక్కువ నీళ్లను ఎక్కువ ఎత్తుకు తోయడానికి చేసిన పంపు. కొండవాలు పొలాలకు బాగానే పనికొస్తుంది, నది ఒడ్డు బోదెకు కాదు.

ఎత్తు తక్కువైతే మోటారుకు సుఖమే కదా అనిపిస్తుంది. ఈ సెంట్రిఫ్యూగల్ పంపుల దగ్గర లెక్క తిరగబడుతుంది. ఎదురు ఒత్తిడి తగ్గేకొద్దీ పంపు ఎక్కువ నీళ్లు తోడుతుంది, నీళ్లు పెరిగేకొద్దీ మోటారు లాగే ఆంపియర్లూ పెరుగుతాయి. నేమ్‌ప్లేటు మీద 7.5 ఆంపియర్లు ఉంటే, టాంగ్ టెస్టరు (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే మీటరు) పెట్టి చూస్తే 9 దాటింది. స్టార్టరు మాటిమాటికీ ట్రిప్ అయ్యేది. షాపు మెకానిక్ వచ్చి, రిలే (లోడు మించితే మోటారును ఆపే భాగం) మరీ సెన్సిటివ్‌గా ఉందంటూ స్క్రూ 10 ఆంపియర్లకు తిప్పి పోయాడు. ఆ తర్వాత ట్రిప్ అవలేదు, నేరుగా కాలిపోయింది.

అదే మెకానిక్ నీళ్లు తగ్గించడానికి సక్షన్ వైపు (పంపులోకి నీళ్లు వచ్చే వైపు) వాల్వు కొంచెం మూయమన్నాడు. ఈ సలహా ఎవరిచ్చినా వినకండి. సక్షన్ మూస్తే పంపు నోటి దగ్గర ఒత్తిడి పడిపోయి, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి ఇంపెల్లరు (నీళ్లను తోసే రెక్కల చక్రం) మీద పగులుతాయి. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వచ్చింది. రీవైండింగుకు విప్పినప్పుడు చూస్తే ఇంపెల్లరు రెక్కల మీద గుంటలు గుంటలు.

షాపు నుంచి వచ్చిన జవాబు: "వోల్టేజీ లోపం, వారంటీ వర్తించదు." 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేస్తే షాపువాళ్లు వాళ్లకీ అదే చెప్పారు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. స్టార్టరు ఎవరు ముట్టుకున్నా రిలే సెట్టింగు ఫోటో తీసి పెట్టుకోండి. మా దగ్గరున్న గట్టి ఆధారం అదే.

అదే షాపులో ఇంకో బేరం కూడా నడుస్తోంది. వీఎఫ్‌డీ (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు స్పీడు తగ్గించే పెట్టె) పెట్టుకుంటే కరెంటు సగం అని. కాగితం మీద నిజమే. 50 హెర్ట్జ్‌ను 40 చేస్తే స్పీడు 80 శాతానికి, పవరు దాదాపు 51 శాతానికి పడుతుంది. హెడ్ 64 శాతానికి పడిపోతుందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. వాల్వు పూర్తిగా మూసినప్పుడు 30 మీటర్ల హెడ్ చూపే పంపు 40 హెర్ట్జ్ దగ్గర 19 మీటర్ల చిల్లరే ఇస్తుంది. పొలం 20 మీటర్ల పైన ఉంటే చుక్క ఎక్కదు. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కొండ వైపు పొలాలవాళ్లు ఇది గమనించాలి. డీజిల్ ఇంజనుకు పుల్లీ మార్చి స్పీడు పెంచుకునేవాళ్లకూ ఇదే లెక్క: స్పీడు 10 శాతం పెరిగితే లోడు మూడో వంతు పెరుగుతుంది.

షాపుకు వెళ్లేముందు టేపు పట్టి ఎండాకాలపు నీటి మట్టం నుంచి కొలుచుకోండి. మీ హెడ్ దగ్గర ఆ పంపు సెకనుకు ఎన్ని లీటర్లు ఇస్తుందో కంపెనీ చార్టులో చూపించమనండి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి.

ఇప్పటికే ఇలాంటి పంపు కొనేసినవాళ్లు డెలివరీ వైపు (నీళ్లు బయటికి పోయే వైపు) గేటు వాల్వు పెట్టించండి. సక్షన్ వాల్వు మొత్తం తెరిచే ఉంచండి. డెలివరీ వాల్వు మూసి స్టార్టు చేసి, టాంగ్ టెస్టరు చూస్తూ మెల్లగా తెరవండి. నేమ్‌ప్లేటు ఆంపియర్లు రాగానే ఆపేయండి. రీవైండింగ్ తర్వాత మా మోటారు ఇలాగే నడుస్తోంది. కొంత కరెంటు ఆ వాల్వు దగ్గరే దండగవుతుంది, తప్పదు. మూసిన వాల్వుతో మాత్రం ఎక్కువసేపు నడపకండి, లోపలి నీళ్లు కాగి సీలు పోతుంది.